బ్యాటు వదలడం నేర్పిన సరోజమ్మ టీచరు

సరోజమ్మ టీచరు ఇక లేరన్న దుర్వార్త నాకు తిరుపతి బస్టాండులో తెలిసింది. నగరి బస్సు దిగిన నా చిన్ననాటి స్నేహితురాలు విజయ, "టీచరు పోయిందమ్మే, తెల్లారుజామున నిద్రలోనే గుండె నొప్పొచ్చిందంట" అని నన్ను పట్టుకొని ఏడ్చింది. మొన్న ఆదివారమే కొంగు నడుముకు దోపుకొని, ఈల నోట పెట్టుకొని, మైదానంలో ఆడపిల్లల్ని అదిలిస్తూ కనిపించిన మనిషి! ఎదురుగా వచ్చి ఆమెతో మాట్లాడే ధైర్యం మృత్యువుకు కూడా లేకపోయిందని నా అనుమానం.

నగరిలో మా హైస్కూలుకు ఆమె డ్రిల్లు టీచరు. మేమంతా మగ్గాల ఇళ్ళ పిల్లలం. డెబ్బైల్లో ఆమె సాఫ్ట్‌బాల్ అనే ఆటను పట్టుకొచ్చినప్పుడు ఊళ్ళో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు.

మొదటిరోజు బ్యాటు చేతికిస్తే రోకలి పట్టినట్టు పట్టుకున్నాం, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. "దంచేదానికి రాలేదు మే! రెండు చేతులూ అక్కచెల్లెండ్ల మాదిరి ఆనుకోనుండాల" అంటూ మా వేళ్ళు ఒక్కొక్కటే సర్దేవారు. బంతి వస్తుంటే నేను కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. "నువ్వు కండ్లు మూసుకుంటే నీకు బంతి కనపడదు గానీ, బంతికి నువ్వు బాగానే కనపడతావు" అనేవారు. ఆ ఆప్తవాక్యం నాకు జీవితంలో చాలాచోట్ల అక్కరకొచ్చింది, ఆఫీసులో పై అధికారి ముందు మరీను.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ ఆటలో క్రికెట్‌లోలా బ్యాటు పట్టుకొని పరుగెత్తకూడదు. కొట్టగానే దాన్ని అక్కడే పడేసి, నాలుగు మూలలూ చుట్టి వస్తేనే పరుగు. పనిముట్టును పడేయడం మా ఇళ్ళలో మహాపాతకం. మగ్గం మీద అటూ ఇటూ పోగు లాగే నాడెకు పొరపాటున కాలు తగిలినా కళ్ళకద్దుకునే వంశాలు మావి. కాబట్టి మేము బంతిని కొట్టి, బ్యాటును కళ్ళకద్దుకొని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టి, అప్పుడు పరుగందుకునేవాళ్ళం. ఈలోగా బంతి మాకంటే ముందే మొదటి మూలకు చేరేది. అందరం ఔట్.

చూసీ చూసీ హెడ్మాస్టరుగారికి విసుగొచ్చింది. "ఈ ఆట మన పిల్లోళ్ళకు పట్టుబడేది కాదమ్మా. చిత్తూరు పోటీలో ఒక్క పరుగన్నా రాకుంటే సామానంతా ఎనక్కి పంపించేస్తా" అన్నారు. టీచరు ముఖం పాలిపోయింది. ఆ ఒక్క బ్యాటు తెప్పించడానికి ఆమె ఎందరి కాళ్ళావేళ్ళా పడ్డారో మాకు తెలుసు.

ఇంకొకరైతే మా మూఢత్వాన్ని తిట్టిపోసేవారు. ఆమె మా భక్తి జోలికే పోలేదు. మర్నాడు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని, "దండం పెట్టుకోండి, నేనొద్దనలా. కానీ కొట్టకముందే పెట్టుకోండి. కొట్టేదాకా అది దేవుడు, కొట్టినాక కట్టె. ఆడ్నే వదిలేసి పరిగెత్తండి!" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు బంతి లేకుండా వట్టి బ్యాటు వదలడమే మా సాధన. వదలడమంటే విసరడం కాదనీ చెప్పారు. ఆ ముక్క మాత్రం నా బుర్రకెక్కలేదు.

చిత్తూరులో మా వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి బ్యాటుకు మొక్కుతుంటే జనం విరగబడి నవ్వారు. వరసగా అందరూ ఔటయ్యారు. చివరికి నా వంతు వచ్చేసరికి పరుగు ఒక్కటీ లేదు. టీచరు గీత అవతల కొంగు కొస నలుపుతూ నిలబడ్డారు. మొక్కాను, కళ్ళు తెరిచి కొట్టాను. బంతి ప్రహరీగోడ దాకా దొర్లిపోయింది. బ్యాటును వదిలాననుకున్నాను గానీ, అది గిరగిరా తిరుగుతూ పోయి హెడ్మాస్టరుగారి పక్కనే పడింది. ఆయన పంచె ఎగగట్టి కుర్చీ ఎక్కేశారు. "తిరిగి సూడొద్దు మే! పరిగెత్తు!" అని టీచరు అరుస్తూనే ఉన్నారు. నాలుగు మూలలూ చుట్టి వచ్చి ఆమె ఒళ్ళో పడ్డాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

ఆట ఓడిపోయాం. అంపైరు చేత చీవాట్లూ తిన్నాను. హెడ్మాస్టరుగారు మాత్రం కుర్చీ దిగి, చెమట తుడుచుకొని, "సామాను ఉండనీలేమ్మా. నా కుర్చీ ఒక్కటి దూరంగా ఎయ్యించు" అన్నారు. ఆ సామాను ఉండిపోయింది కనుకే మా తర్వాత ఎందరో ఆడపిల్లలు ఆ మైదానంలో పరుగెత్తారు.

విజయతో కలిసి ఆ పూటే నగరి వెళ్ళాను. అంత్యక్రియలు ముగిశాక మైదానం మీదుగా వస్తుంటే, కొత్తగా ఆటలో చేరిన చిన్నపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఇంటికి పొమ్మంటే కదలలేదు. చూడలేక బంతి అందుకొని నేనే వేశాను. మొదటి పాప బ్యాటు ఊపింది, తగల్లేదు. మళ్ళీ వేశాను, తగల్లేదు. ఆ పాప బ్యాటు దించి, నొచ్చుకుంటానేమోనని మెల్లగా, "మా టీచరు ఇట్లా ఎయ్యదక్కా. మేము కొట్టేట్టుగా ఏస్తాది" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. పొద్దుగూకేదాకా వేస్తూనే ఉన్నాను. ఒక్కటంటే ఒక్కటీ ఆమె వేసినట్టు పడలేదు. టీచర్, మీకు నా సాష్టాంగ నమస్కారం.