గాజుతొట్టెలో కలిపిన మాత్రలు

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా చోడవరంలో మా పెదనాన్న ఇంట్లో ఉన్నాను. అమ్మకి జబ్బు చేసి విశాఖపట్నం ఆసుపత్రిలో ఉంటే నాన్న ఆమె దగ్గరే ఉండిపోయారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెదనాన్న కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పేవారు. పెద్దమ్మ కె.కోటపాడు బడిలో టీచరు. పొద్దున వెళ్ళిన ఇద్దరూ సాయంత్రానికి గానీ వచ్చేవారు కారు. నాది పొద్దుటి పూట బడి కావడంతో ఒంటిగంటకే తాళం తీసుకుని ఇంట్లోకి వెళ్ళేదాన్ని.

ముందుగదిలో ఒక గాజుతొట్టె ఉండేది. పెదనాన్న రావికమతం వైపు కాలవల్లోంచి నీటిమొక్కలు ఏరి తెచ్చి అందులో నాటేవారు. వాటి మధ్య ఓ పన్నెండు చిన్న చేపలు తిరిగేవి. నేను తలుపు తీయగానే అద్దం దగ్గరికి గుంపుగా వచ్చేవి. ఆ ఇంట్లో నాకు ఎదురొచ్చేవి అవే. చిటికెడు మేత వేసేదాన్ని. అవి తినేసి వెళ్ళిపోతే, మళ్ళీ రావాలని మరో చిటికెడు.

కొన్నాళ్ళకి ఆకుల మీద ముదురు పచ్చటి జిగురు పొర కట్టింది. వాసన కూడా వేసేది. పెదనాన్న వేళ్ళతో ఒలిచేసినా మూడోరోజుకి మళ్ళీ పరుచుకునేది. "ఈ నాచు ఇలాగే ఉంటే తొట్టె తీసేద్దాం" అని ఆయన పెద్దమ్మతో అనడం విన్నాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అంతకుముందు నెలలో గొంతు నొప్పికి డాక్టరుగారు నాకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. తగ్గిందని మధ్యలో మానేస్తే నాలుగు మిగిలాయి. మర్నాడు మధ్యాహ్నం వాటిని చెంచాతో నూరి తొట్టెలో కలిపేశాను.

రెండు రోజుల్లో ఆ పొర వెలిసిపోయి, ఊడిపోయింది. పెదనాన్న వంగి చూసి, "ఇదేటి, దానంతటదే పోయింది" అన్నారు. నేను లోపల్లోపల పొంగిపోయాను, చెప్పలేదు.

నాలుగోరోజు తలుపు తీసేసరికి నీళ్ళు పాలలా తెల్లబడి ఉన్నాయి. మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలినవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏం చెయ్యాలో తెలియదు, పిలవడానికి ఎవరూ లేరు. సాయంత్రం దాకా అక్కడే నేల మీద కూర్చున్నాను. అంత పొడుగు మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

పెదనాన్న రాగానే అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. చొక్కా చేతులు మడుచుకుని బావి నీళ్ళు తోడి, తొట్టెలో సగం నీళ్ళు మార్చారు. అది నిజం నాచు కాదట, నాచులా కనబడే ఒక రకం బ్యాక్టీరియా అట. అందుకే మాత్రలకి చచ్చింది. కానీ దాంతోపాటు ఇసకలో ఉండి చేపల మురికిని శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతింది. చచ్చిన పొర నీళ్ళలోనే కుళ్ళింది. అలా విడమరిచి చెప్పి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"మాత్రల సంగతి సరే. రోజుకి ఎన్నిసార్లు మేత వేస్తన్నావమ్మా?"

వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగిపోయాను. "ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా" అన్నాను.

ఆయన వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. "తినగా మిగిలిన మేత కుళ్ళే ఆ జిగురు పట్టింది. తప్పు నీది కాదు. నేనే నిన్ను అడగలేదు" అన్నారు. "వారం రోజులు మేత వెయ్యకు. ఊరికే దగ్గర కూర్చో."

"అప్పుడవి నా దగ్గరికి రావేమో."

"రాకపోతే నేనొస్తాను."

మర్నాటి నుంచి మధ్యాహ్నం సైకిలు మీద ఇంటికొచ్చి, నాతో కూర్చుని భోంచేసి, మళ్ళీ కాలేజీకి వెళ్ళేవారు. మాటలు తక్కువ మనిషి. అయినా ఆ అరగంట కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని. చేపల్లో అయిదే బతికాయి. వానలు వెనకపట్టాక నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళారు. అమ్మ లేచి తిరగడానికి మరో ఏడాది పట్టింది.

నాకిప్పుడు అరవై దాటాయి. ఎవరైనా వద్దన్నా వడ్డిస్తూ, అక్కర్లేని సాయాలు చేస్తూ వెంటపడుతుంటే నలుగురూ విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. మధ్యాహ్నాలు మీ ఇంట్లో ఎవరుంటారని అడుగుతాను. ఎవరూ ఉండరంటే, చెప్పులు విప్పి వాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటాను.