నూట పన్నెండో పేజీలో అగ్గిపుల్ల

గోదావరిఖని కాలనీ రీడింగ్ రూంలో కౌంటర్ దగ్గర కూర్చునే కెరోలిన్‌కు జవాబులు తెలియక కాదు. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చిన మనిషి కొత్త పుస్తకం చేతిలోకి తీసుకుని "ఇది ఎట్లుంటది బిడ్డా?" అని అడిగితే, జవాబు గొంతు దాకా వచ్చేది. అక్కడ ఆగిపోయేది. ఆయన కాసేపు ఆమె మొహం చూసి, పుస్తకం అక్కడే పెట్టేసి, పేపర్ తిరగేసి వెళ్ళిపోయేవాడు. మూడు నెలలు ఇలా గడిచాక ఆమె చీటీలు మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకం చదవడం, అట్ట లోపల నాలుగు వాక్యాల చీటీ అంటించడం.

ఎలా రాయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్ మొదటి ఏడాదిలో తల్లిని దవాఖానకు తిప్పడానికి చదువు మానేసింది. తల్లి దక్కలేదు, చదువూ మళ్ళీ మొదలు కాలేదు. ఇంట్లో ఆమె చూసిన రాత ఒక్కటే, తండ్రి టిమోతిది. ఆయన బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు వాళ్ళు లోపలికి పోకముందే తాను పోయి, కట్టెతో పైకప్పు కొట్టి చూసి, అంటుకునే గ్యాస్ ఉందేమో చూసి, చూసినంతవరకే రాసి సంతకం పెట్టడం సర్దారు పని. "కప్పు గట్టిగా ఉంది. ఎడమ పక్క రెండు దుంగలు పెట్టాలి. మనుషులు పోవచ్చు." పుస్తకాల గురించి రాయడానికి ఇంకో పద్ధతి ఉంటుందని కెరోలిన్‌కు తోచలేదు.

వంటల పుస్తకం మీద ఇలా రాసింది: "కొలతలన్నీ కప్పుల్లో ఉన్నాయి. ఏ కప్పో చెప్పలేదు. యాభయ్యో పేజీ, పప్పుచారు వరకు భయం లేదు."

డిటెక్టివ్ నవల మీద: "హంతకుడు ఎవరో నలభయ్యో పేజీలో తెలిసిపోతుంది. మిగతా నూట పది పేజీలు పోలీసులకు తెలియడానికి."

వ్యక్తిత్వ వికాసం మీద: "తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే జీవితం మారుతుందని పన్నెండో పేజీలో ఉంది. ఫస్ట్ షిఫ్టు వాళ్ళు ఆ పేజీ వదిలేయవచ్చు."

యాత్రా పుస్తకం మీద: "హిమాలయాలకు వెళ్ళారు. ఆరు నుంచి ఇరవై మూడో పేజీ వరకు హోటల్ బాగాలేదు. తర్వాత కొండలు బాగున్నాయి."

కింద పేరు, తారీఖు. జనం ముందు చీటీ చదివేవారు, తర్వాతే పుస్తకం. కొందరు చీటీతోనే సరిపెట్టుకునేవారు.

ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చింది రీడింగ్ రూం కమిటీ కార్యదర్శి వేణుమాధవ్. ఇంటర్ కూడా పాసు కాని పిల్ల ఎందుకని కమిటీలో ఎవరో అంటే, "మనకు పుస్తకాలు ఎత్తుకపోనోళ్ళు కావాలె, డిగ్రీలు కాదు" అని నోరు మూయించాడు. ప్రతి మార్చిలో ఏడాదికోసారి ఆమె ఉద్యోగం పొడిగించే కాగితం మీద సంతకం ఆయనదే. ముప్పై నాలుగేళ్ళు గని ఆఫీసులో క్లర్కుగా చేసిన మనిషి. బాయిలోకి ఒక్కసారీ దిగలేదు. ఈ మార్చిలో ఆయన బాయి మీద నవల అచ్చు వేయించాడు. పేరు 'పాతాళంలో పావురం'.

"ఆదివారం ఆవిష్కరణ," అన్నాడు బుధవారం నాడు పుస్తకం ఇస్తూ. "అందరి ముంగట నీ చీటీనే చదువుత. శుక్రవారం కల్ల రాసియ్యి. నీ కాగితం గూడ ఆ వారంల్నే చూద్దాం."

కెరోలిన్ రెండు రోజులు చదివింది. గురువారం మధ్యాహ్నం అన్నం తింటున్న తండ్రికి నూట పన్నెండో పేజీ చదివి వినిపించింది. కప్పు కూలి హీరో లోపల చిక్కుకుపోతాడు. జేబులోంచి ప్రియురాలు సరయు రాసిన ఉత్తరం తీస్తాడు. అగ్గిపుల్ల గీసి, ఆ వెలుగులో చదువుకుంటాడు.

"ఆగు," అన్నాడు టిమోతి. "అగ్గిపెట్టె లోపలికి ఎట్ల పోయింది? దిగేముందు జేబులు చూస్తరు గద."

"రాయలేదు డాడీ."

"గ్యాస్ చూసిండా?"

"లేదు."

"నెత్తి మీది లైటు ఏమైంది మరి?"

కెరోలిన్ రెండు పేజీలు వెనక్కి తిప్పింది. "వెలుగుతనే ఉన్నది. దాని వెలుగుల్నే నీళ్ళు తాగిండు."

టిమోతి కంచం పక్కకు జరిపాడు. "అయితే అగ్గిపుల్ల ఎందుకు గీసిండే?"

"ప్రేమకు."

ఆయన నవ్వలేదు. "కాగితం మీద సంతకం ఆయనదే గద ఈ నెల?" అని మాత్రం అడిగాడు. అవునంది. "నేనేం చెప్ప బిడ్డా. నీ డ్యూటీ, నీ సంతకం."

ఆమె ముందు ఒక చీటీ రాసింది: "మంచి నవల. అందరూ చదవవచ్చు." కింద పేరు రాయబోతే చెయ్యి రాలేదు. దాన్ని చించి ఇంకోటి రాసింది.

శుక్రవారం వేణుమాధవ్ ఆ రెండోది రెండుసార్లు చదివాడు.

"ఇది నవల అమ్మా. రిపోర్టు కాదు. భావం చూడాలె."

ఆమె నేల చూసింది.

"మారుస్తవా?"

తల అడ్డంగా ఊపింది.

"నోరు తెరిచి చెప్పు."

"చదివిందే రాసిన సార్."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాగితం మాట ఎత్తలేదు.

ఆదివారం హాలు నిండింది. కెరోలిన్ టీ ఫ్లాస్కుల పక్కన నిలబడింది. వేణుమాధవ్ మైకు ముందు ఒక కాగితం విప్పి, కెరోలిన్ రాసిన చీటీ అని చెప్పి చదివాడు. "వెన్నెల జలపాతం లాంటి శైలి. ప్రతి వాక్యం ఒక నల్లవజ్రం. ప్రతి ఇంటా ఉండదగిన గ్రంథం."

ముందు వరుస చప్పట్లు కొట్టింది. వెనక వరుసలోంచి నర్సింగం లేచాడు. రీడింగ్ రూంకు రోజూ వచ్చే మనిషి, ఇంకా బాయిలో పనిచేస్తున్నాడు.

"సార్, పేజీ నంబర్ ఏది?"

"ఏం పేజీ?"

"చెల్లె రాస్తే పేజీ నంబర్ ఉంటది. జలపాతాలు ఉండవు. ఏమ్మా, నువ్వు రాసిందేనా ఇది?"

హాలంతా వెనక్కి తిరిగింది. కెరోలిన్ ఫ్లాస్కు మూత బిగించింది. అది ముందే బిగించి ఉంది. ఔనంటే ఏడాది జీతం, కాదంటే ఏమిటో తెలియదు. ఆమె కాదన్నట్టు తల ఊపింది.

"అసలుది ఉన్నదా సార్?" అన్నాడు నర్సింగం.

సంతకమున్న కాగితం తన దగ్గర ఉండగా లేదనడం, ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు చూసిన వేణుమాధవ్‌కు చేతకాలేదు. జేబులోంచి చీటీ తీసి, అదే గొంతుతో చదివాడు.

"మూడు వందల రెండు పేజీలు. ప్రేమ కథ నమ్మేలా ఉంది. సరయు మాట్లాడితే మనిషి మాట్లాడినట్టే ఉంది. నూట పన్నెండో పేజీలో హీరో బాయి లోపల అగ్గిపుల్ల గీస్తాడు. ఆ తర్వాత పుస్తకంలో ఎవరూ బతికి ఉండకూడదు. రచయిత నూట తొంభై పేజీలు బతికించారు."

 "నెత్తి మీద లైటు లేదా వానికి?" అని ఒకరు. "ఉన్నదట, పనిచేస్తున్నదట" అని పుస్తకం తెరిచి చూస్తూ ఇంకొకరు. "అగ్గిపెట్టె టిఫిన్ డబ్బాల దాచిండేమో!" "నీకెట్ల తెలుసురా ఆ ఉపాయం?" వాదన ముప్పావుగంట నడిచింది. బల్ల మీద పెట్టిన పుస్తకాలన్నీ ఆ సాయంత్రమే అయిపోయాయి. కొన్నవాళ్ళలో మొదటి పేజీ తెరిచినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు.

సోమవారం వేణుమాధవ్ ఫైలు పట్టుకుని వచ్చాడు. కౌంటర్ ముందు నిలబడి కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"సరయు నిజంగ మంచిగ వచ్చిందా?"

"వచ్చింది సార్."

ఆయన కాగితం ఆమె వైపు జరిపాడు. సంతకం అయి ఉంది. ఏడాది ఉండాల్సిన చోట ఆరు నెలలు అని ఉంది. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి తలెత్తింది.

"రెండో ముద్రణ ఆరు నెలలకు వేస్త," అన్నాడు. "అది చదవనీకి నువ్వుండాలె. చదివి రాసినంక మిగిలిన ఆరు నెలల సంగతి చూద్దాం."

"కోపం లేదా సార్?"

"ఉన్నది. ఆరు నెలలు ఉంటది."

కెరోలిన్ కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివి సంతకం పెట్టింది.