రోహిణి కార్తెలో నెమలి నీలం

నేను విజయవాడలో ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. రసాయన చర్యల వేగం అనే పాఠం ఏటా ఉంటుంది. వేడి పెంచితే ఏమవుతుంది, గాఢత పెంచితే ఏమవుతుంది, బోర్డు మీద ఒక సమీకరణం, దాని పక్కన గ్రాఫు, చివర పరీక్షలో తరచుగా అడిగే లెక్క. ఆ పాఠం ఒకనాడు నన్ను అన్నం కూడా మరిచిపోయేలా చేస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. మొన్నటి వేసవి సెలవుల్లో సరిగ్గా అదే జరిగింది.

మా మేనత్తది మంగళగిరి. ఇంటి వెనక రేకుల వసారాలో ఆమె నూలుకు రంగు వేస్తుంది. మామయ్య ఆ నూలును మగ్గాలకు చేరవేసి, నేసిన చీరలు తెచ్చి విజయవాడ వన్ టౌన్ కొట్లకు ఇస్తాడు. రోహిణి కార్తె ఎండలు మండిపోతుండగా అత్త నాకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నువ్వు చదివింది రంగుల చదువే గదా?"

"రంగులది కాదత్తా, కెమిస్ట్రీ."

"ఏదో ఒకటిలే. ఒకసారి వచ్చిపో. మీ మావయ్య రంగుల కొట్టాయనతో పోట్లాడి వచ్చి, మూతి బిగించుకుని కూర్చున్నాడు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడవునా అమరావతి వైపు పోయే టిప్పర్లు. ఇల్లు చేరేసరికే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. అత్త మంచినీళ్లయినా తాగనీయకుండా వసారాలోకి తీసుకెళ్లింది.

అక్కడ దండెం మీద చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, ఆరుతున్నాయి. ఒక వైపువి నెమలి మెడలా నీలంగా మెరుస్తున్నాయి. రెండో వైపువి పదేళ్లు ఉతికిన స్కూలు యూనిఫారంలా వెలిసిపోయి ఉన్నాయి.

"రెండూ ఒకే తొట్లో ముంచినయ్యే," అంది అత్త. "ఒకే పొడి, ఒకే నీళ్లు. ముందు తడవ ముంచినయ్యి అట్టా వచ్చినయ్. రెండో తడవయ్యి ఇట్టా. జాడిస్తే రంగంతా నీళ్లలో పోయింది."

సంగతేమిటంటే, డాన్సు నేర్పే ఒక టీచరమ్మ తన శిష్యురాళ్లందరికీ ఒకే నెమలి నీలం చీరలు కావాలని వన్ టౌన్ కొట్టులో చెప్పింది. ఆ కొట్టువాళ్లు ఆ పని మామయ్యకు అప్పగించారు. వేదిక మీద అందరూ ఒక్క రంగులో కనపడాలి. ముదురు నూలూ వెలిసిన నూలూ కలిపి నేస్తే చీర నిండా చారలు తేలతాయి.

మామయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. "పొడి కల్తీదమ్మా," అన్నాడు. "ఆ కొట్టాయనేమో మీ బోరు నీళ్లు మారాయంటాడు. మీ అత్త నూలే మంచిది కాదంటది. ఎవరి మాట నమ్మాలి?"

నాకు మాత్రం వేరే సంగతి వింతగా తోచింది. తొట్టిలో మిగిలిన రంగునీళ్లు ఇంకా చిక్కగా, ముంచిన చెయ్యి కనపడనంత నీలంగా ఉన్నాయి. రంగు అయిపోలేదు, అక్కడే ఉంది. అయినా నూలును పట్టుకోనంటోంది.

"చలికాలంలో కూడా ఇలాగే చేశావా అత్తా?"

"ఇట్టాగే. అప్పుడు పొద్దున కలిపింది అన్నాల వేళ దాకా పనికొచ్చేది."

"ఇప్పుడో?"

"రెండో తడవకే నీరసపడిపోతంది. అందుకనే బట్టల సోడా ఇంకాస్త ఎక్కువేస్తన్నా."

నీరసపడిపోతోంది, సోడా ఇంకాస్త. ఈ రెండు మాటలూ పక్కపక్కన వినబడగానే బోర్డు మీది పాఠం గుర్తొచ్చింది. ఈ రకం రంగు నూలును పట్టుకోవాలంటే సోడా ఉండాలి. కానీ సోడా కలిపిన క్షణం నుంచి రంగు నూలుతోనే కాదు, చుట్టూ ఉన్న నీటితోనూ రసాయనికంగా కలిసిపోవడం మొదలెడుతుంది. నీటితో కలిసిన రంగు చూడ్డానికి అంతే నీలంగా ఉంటుంది, కానీ ఇక నూలును పట్టుకోలేదు. అంటే తొట్టిలో రెండు చర్యలు ఒకేసారి జరుగుతున్నాయి, ఒకటి మాకు కావలసింది, రెండోది మాకు చేటు చేసేది. జనవరిలో ఆ రెండోది తాపీగా సాగేది. ఇప్పుడు వసారా రేకుల కింద తొట్టి నీళ్లు కాగినట్టుండేసరికి అది పరుగు లంకించుకుంది. పైగా సోడా ఎక్కువేసి దాన్ని మనమే తరుముతున్నాం.

వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడం మొదలుపెట్టాను.

"ఏంటే, చీమలు కుట్టినట్టు ఆ తిరుగుడు?" అంది అత్త.

ఉన్నదంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "నువ్వు చెప్తే బాగానే ఉంది. మరి నిజమని ఎట్టా తెలుస్తది?" అని అడిగింది.

నిజమే. ఎలా తెలుస్తుంది? తరగతిలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

మూడు స్టీలు గ్లాసులు తీసుకున్నాం. సోడా కలిపిన కొత్త రంగునీళ్లు మూడింట్లోనూ సమంగా పోశాం. ఒకటి డాబా మీద ఎండలో పెట్టాం, ఇంకొకటి వంటింట్లో కుండ పక్కన నీడలో. మూడోదానికి మామయ్య సందు చివర నిమ్మసోడా బండి దగ్గరికెళ్లి ఐసుముక్కలు తెచ్చాడు. వాటి మధ్య గ్లాసు దించాం. ఎండలోది చచ్చిపోవాలి, నీడలోది నీరసపడాలి, ఐసులోది బతికుండాలి. ఇదీ నా లెక్క. చాలాసేపు ఆగి, మూడింట్లోనూ తెల్ల నూలుపోగులు వేసి, తీసి, జాడించాం.

ఎండలో గ్లాసులోది దాదాపు తెల్లగా వచ్చింది. నేను ఎగిరి గంతేయబోయాను. నీడలోది లేత నీలం. తర్వాత ఐసులోది తీశాను. అదీ వెలవెలబోతూ వచ్చింది.

మామయ్య, "నేను చెప్పానా, పొడి కల్తీ," అన్నాడు. అత్త ఆ పోగును వేళ్ల మధ్య నలుపుతూ, "ఐసులో చెయ్యి పెడితే మొద్దుబారిపోతది గదే. రంగూ మొద్దుబారిందేమో," అంది.

అంతే, నాకు లైటు వెలిగింది. చల్లదనం చెడు చర్యనే కాదు, మంచి చర్యనూ ఆపేసింది. రంగు చచ్చిపోలేదు, చలికి ముడుచుకుని కూర్చుంది. నేను పోగు వేసింది ఐసులో ఉన్న గ్లాసులోనే కదా, అది నూలును ఎలా పట్టుకుంటుంది? ముందు మూడు గ్లాసులనూ ఒకే వేడికి తేవాలి, అప్పుడు పోగులు వెయ్యాలి.

"మళ్లీ చేద్దాం అత్తా."

"అన్నం తిని చేద్దాం."

"అన్నం తర్వాత."

ఆమె నా ముఖంలోకి చూసి, చీర చెంగు బొడ్లో దోపింది. మళ్లీ రంగు కలిపాం. మామయ్య గొణుక్కుంటూనే మళ్లీ ఐసుకు వెళ్లాడు. ఈసారి అంతసేపూ ఆగాక, మూడు గ్లాసులూ తెచ్చి ఒకే బేసిన్ నీళ్లలో నిలబెట్టాం. తాకి చూస్తే మూడూ ఒక్కలాగే తగిలేదాకా ఉంచి, అప్పుడు పోగులు వేశాం. ఎదురుచూడడం ఎంత కష్టమో. అత్త నన్ను గ్లాసు ముట్టనివ్వలేదు. "కదపమాక, కదిపితే అదో తేడా వస్తది," అంది. ఆ మాటకు నేను ఆమెను అమాంతం కావలించుకోవాలనుకున్నాను.

తీసి జాడించాం. ఎండలోది ఉత్త తెలుపు. నీడలోది సగం నీలం. తర్వాత ఐసులో దాచినది తీశాను. అచ్చం దండెం మీది తొలి చిలపల రంగు. ఎంత జాడించినా చుక్క నీలం దిగలేదు.

మామయ్య ఆ మూడు పోగులనూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని గుమ్మం దగ్గరి వెలుతురులోకి వెళ్లాడు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే పొడి మంచిదే," అన్నాడు మెల్లగా.

ఎన్నోసార్లు బోర్డు మీద గీసిన గ్రాఫు మామయ్య అరచేతిలో మూడు పోగులై ఉంది. పుస్తకంలో అది ఎప్పుడూ ఒక గీతే. ఇక్కడ దాని మీద తడి ఉంది, వాసన ఉంది.

మర్నాడు పొద్దు పొడవకముందే పని మొదలెట్టాం. పెద్ద తొట్టిలో రంగు, అది నూలులోకి దిగేందుకు ఉప్పు మాత్రమే కలిపాం, సోడా వెయ్యలేదు. సోడా పడనంతవరకు ఆ రంగుకు తొందర లేదు. అందులోంచి కొద్దికొద్దిగా బేసిన్లలోకి తోడుకుని, చిలపలు విదిల్చి ముంచి, అవి బాగా నానాక అప్పుడే సోడా వేశాం. సోడా పడిన బేసినును ఆ తడవతోనే పారబోశాం. వెలిసిపోయిన చిలపలను అత్త మళ్లీ ముంచింది. ఎంతసేపు ఉంచాలన్నది నేను చెప్పలేదు. ఆమే ఒక అంచు పైకి తీసి, పిండి, కన్ను చిట్లించి చూసి, ఇంకాస్త అంటూ ఉంచింది.

ఎండ ముదిరేలోగా దండెం నిండిపోయింది. ఏది పాతదో ఏది కొత్తదో నేను పోల్చుకోలేకపోయాను. మామయ్య స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వన్ టౌన్‌కు బయల్దేరాడు. "ఆ రంగుల కొట్టాయనతో కాస్త పెద్దగానే మాట్లాడాను. ఒక టీ తాగించి వస్తా," అన్నాడు.

నేనూ బస్సు టైమైందని సంచీ సర్దుకుంటున్నాను. అత్త తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె చేతులు మోచేతుల దాకా నీలం.

"మరి ఎరుపో? అదీ ఇట్టాగే చస్తదా, లేక దానికి ఇంకాస్త ఓపికుంటదా?"

"తెలీదత్తా. ఒక్కో రంగుది ఒక్కో వేగం అయ్యుండొచ్చు."

"తెలీకపోతే చూద్దాం," అంది అత్త. "గ్లాసులు కడుగు. ఐసు నేను తెస్తా."

సంచీ మంచం మీద పడేసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకున్నాను.