మావగారి స్టేషనూ, నా మిగులు కేబులూ

అరకు కొండల్లో ఓ చిన్న స్టేషన్‌కి మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ మా మావగారి చేతిలో ఒక్క ప్రమాదం జరగలేదు. జరిగిందల్లా ఆయన రిటైరైన సాయంత్రం, ఆయన ఇంటి హాల్లో, అతిథుల కళ్ళెదుట జరిగింది. ఆ బండి నడిపింది నేను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది తిరగలేదు. ఊళ్ళకి ఇంటర్నెట్ కేబులు వేసే కాంట్రాక్టరు దగ్గర పని. మావగారి లెక్కలో రైల్వే కానిది ఉద్యోగమే కాదు. నేనెవరినని ఎవరైనా అడిగితే "మా గుంట మొగుడు", అంటే మా పిల్ల మొగుడు, అనేవారు తప్ప, అల్లుడన్న మాట ఆయన నోట వచ్చేది కాదు. ఆ ఒక్క మాట కోసం కొండలైనా తవ్వేవాణ్ణి. కాంట్రాక్టరు ఎలాగూ తవ్విస్తూనే ఉన్నాడు.

అందుకని రిటైర్మెంటు కానుకగా ఆయన స్టేషన్‌కి చిన్న నమూనా తయారుచేశాను. థర్మోకోల్ ప్లాట్‌ఫారం, కాఫీ పొట్టుతో కొండ, చుట్టూ పట్టాలు, వాటి మీద తిరిగే బొమ్మ రైలు. సిగ్నళ్ళ దగ్గరే చిక్కొచ్చింది. అంత చిన్న బల్బులు దొరకలేదు. పనిలో మిగిలిన ఫైబర్ కేబులు ముక్కలుంటే కాంట్రాక్టరు పట్టుకుపొమ్మన్నాడు. తొడుగు వలిస్తే లోపల వెంట్రుకంత సన్నటి గాజు తీగలు, పన్నెండు రంగుల్లో. ఒక కొసన వెలుగు పెడితే రెండో కొసన చుక్కలా మెరుస్తుంది. ఇంకేం, ఎర్ర సిగ్నల్‌కి ఎర్ర తీగ, పచ్చ సిగ్నల్‌కి పచ్చ తీగ, స్టేషన్ కిటికీలకి పసుపు తీగ.

ఇక్కడే మీరు నవ్వుతున్నారంటే మీకు సంగతి తెలుసన్నమాట. నాకు తెలియదు. నా పని గోతులు తవ్వి కేబులు లాగడం, దాన్ని అతికేవాళ్ళు వేరే. తీగ ఎక్కడ తెగిందో చూసుకోడానికి వాళ్ళ దగ్గరుండే లైటు పెన్ను అరువు తెచ్చి ఎర్ర తీగకి పెట్టాను. కొసన ఎర్ర చుక్క మెరిసింది. నా పరిశోధన అంతటితో ముగిసింది.

మా ఆవిడ పక్కనే ఉంది. "పచ్చది కూడా ఓపాలి సూడరాదేటి?" అంది.

"అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు చాలు" అన్నాను. ఆ సామెత చెప్పినవాడు పన్నెండు రంగుల అన్నం వండి ఉండడని అప్పుడు తట్టలేదు.

ఆ సాయంత్రం హాలు నిండా రైల్వేవాళ్ళే. మావగారు మెడలో దండతో కుర్చీలో కూర్చున్నారు. ఇంతమంది ముందు కూడా ఆ మాట అనకపోతే ఇంకెప్పుడూ అనరని నాకు తెలుసు. బండి వెళ్ళే వైపు పచ్చ, ఎదురు వైపు ఎరుపు, అంతా రూలు ప్రకారమేనని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కర్టెన్లు వేయించి, తీగల కట్టకి బిగించిన పెన్ను నొక్కాను.

ఎర్ర సిగ్నళ్ళు ఎర్రగా వెలిగాయి. పచ్చవీ ఎర్రగానే వెలిగాయి. పసుపు కిటికీలు కూడా ఎర్రబారేసరికి స్టేషన్ లోపల నిప్పంటుకున్నట్టుంది. రంగు తీగ పైపూతకే గానీ వెలుగుకి కాదు. వెలుగు పెన్నుది, ఆ పెన్నుకి వచ్చిన రంగు ఎరుపొక్కటే. ఈ జ్ఞానం బుర్రకెక్కేలోగా నా చెయ్యి రైలు స్విచ్చి కూడా నొక్కేసింది.

ఎర్ర సిగ్నల్ దాటడం రైల్వేలో ఎంత ఘోరమో ఆ హాల్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. బండి మొదటి ఎరుపు దాటింది. రెండోదీ దాటింది. ఓ పాత డ్రైవరు లడ్డూ పళ్ళెంలో పెట్టేసి లేచి నిలబడ్డాడు. మావగారు దండతోనే పరుగున వచ్చి, రైలును పట్టాల మీంచి ఎత్తి చంకలో పెట్టుకున్నారు.

డ్రైవరు తేరుకుని అడిగాడు. "ఈ బండి తోలినోడు ఎవుడు మాస్టారూ?"

మావగారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"మా అల్లుడు" అన్నారు. "ఇప్పుడే సస్పెండు సేసినాను."

సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలో నాకు బోలెడంత సంతోషం వేసింది, దాచుకోవడం దేనికి. అయినా మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. స్టేషన్ మాస్టర్లకి ఈ జన్మలో రైలు కానుకగా ఇవ్వను. మరీ తప్పనిసరైతే ఘాట్ రోడ్డు నమూనా చేసిస్తాను. దాని మీద సిగ్నళ్ళుండవు.