అత్త సాక్ష్యాన్ని మధ్యలో ఆపాను

నేను పదో తరగతి తప్పిన మనిషిని. పటమటలో జాకెట్లు కుట్టుకుంటాను. మా వీధి చివర శాఖా గ్రంథాలయం ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా అక్కడికి పోయి కూర్చునేదాన్ని. అలా పదేళ్లలో అక్కడి సైన్సు బీరువా మొత్తం చదివేశాను. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కాస్త పెరుగుతుంది. నేను చేసిన తప్పు కూడా ఆ గొంతుతోనే చేశాను.

మా మేనత్తది కూచిపూడి దాటి సముద్రం వైపు ఇంకా ముందుకు పోతే వచ్చే చిన్న ఊరు. పొలాల నీళ్లను సముద్రంలోకి మోసుకుపోయే మురుగు కాలువ ఆ ఊరి పక్కగా పారుతుంది. కాలువ సముద్రంలో కలిసేచోట ఇనుప తలుపులున్నాయి. పోటు వచ్చినప్పుడు వాటిని దించితే ఉప్పునీరు వెనక్కి ఎక్కదు. ఆ తలుపులు తుప్పు పట్టి అడుగున చిల్లులు పడ్డాయి. పోటు కూడా మునుపటికన్నా ఎత్తుకు వస్తోందని ఊళ్లో అందరూ అంటున్నారు. అప్పటికే మంచినీళ్ల చెరువు రుచి మారుతోంది. తలుపులు మార్పించకపోతే చెరువు పోయినట్టే.

ఊరంతా కలిసి కాలువల ఆఫీసుకు వెళ్లి అడగాలన్నది ఆలోచన. జనాన్ని కదిలించే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అప్పగించలేదు. భూమి వేడెక్కడం గురించి అంత చదివినదాన్ని, నేను కాక ఇంకెవరు చెబుతారనుకున్నాను.

ఆ ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. చెప్పుకోవాలనిపించినవాళ్లు లేచి తమకు జరిగింది చెబుతారు. ఎంతసేపు చెప్పినా ఎవరూ ఆపరు. కష్టం చెప్పుకున్నవాళ్ల ఇంటికి ఆ వారంలో ఎవరో ఒకరు వెళ్తారు. పాస్టర్ గారు ఒక ఆదివారం ఆ సమయం నాకిచ్చారు. నేను నాలుగు డ్రాయింగ్ షీట్ల మీద బొమ్మలు గీసుకుని వెళ్లాను. సూర్యుడు, భూమి, భూమి చుట్టూ దుప్పటిలా వాయువులు, ధ్రువాల దగ్గర కరిగే మంచు. బాణం గుర్తులు ఎర్ర స్కెచ్ పెన్నుతో వేశాను.

రెండో షీటు దగ్గర ఉండగా ముందు వరసలో చాప మీద కూర్చున్న అత్త లేచింది.

"నేనూ ఓ మాట చెప్పుకుంటానండీ," అని అందరి వైపూ చూసి మొదలుపెట్టింది. "నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన మూడో రోజున మా అత్త నా చేతికి బిందె ఇచ్చి చెరువుకు పంపింది..."

పెళ్లి దగ్గర మొదలైంది. ఇది ఎప్పటికి తేలుతుందా అనుకున్నాను. నా చూపు గోడ గడియారం మీద ఉంది. ఒంటిగంట బస్సు పోతే మళ్లీ సాయంత్రం దాకా లేదు. ఇంకా రెండు షీట్లు మిగిలాయి.

"అత్తా, అది కాదు విషయం. ముందు కార్బన్ సంగతి పూర్తిచేయనివ్వు," అన్నాను.

అత్త నవ్వింది. "సరే తల్లీ. పుస్తకాలు చదివినదానివి, నువ్వే చెప్పు. మాదేముంది, నీళ్లు మోసుకునేవాళ్లం."

ఆడవాళ్లు కొందరు నవ్వారు. అత్త కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది. నేను మంచు కరిగించే పనిలో పడ్డాను. మూడో షీటు తీసేసరికి వెనక వరస వాళ్లకు పొయ్యి మీద అన్నం గుర్తొచ్చింది. నాలుగో షీటు దాదాపు ఖాళీ చాపలకే చూపించాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లింది నలుగురమే. అందులో నాది అసలు ఆ ఊరే కాదు. అత్త నాట్లున్నాయని రాలేదు. ఇంజనీరు గారు మర్యాదగానే మాట్లాడారు. "ఊరంతటికీ ఇబ్బందైతే ఊరంతా వచ్చేవాళ్లు కదమ్మా," అన్నారు. నేను షీట్లు చుట్టుకుని బయటికొచ్చాను.

తర్వాతి వేసవిలో ఒక పౌర్ణమి పోటుకు ఉప్పునీరు ఆ చిల్లుల్లోంచి కాలువెక్కి, గట్టు కుంగినచోట చెరువులోకి దిగింది. అత్తే ఫోన్ చేసి చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పొయ్యి మీద కందిపప్పు ఉంది. "పొద్దున ఎనిమిదింటికి పెట్టానే. చూడు, ఈ ఉప్పునీళ్లకి ఇంకా పలుకే," అని గింజను వేళ్లతో నొక్కి చూపించింది.

"ఆ రోజు చర్చిలో ఇదే చెప్పబోయావా అత్తా?"

"ఎక్కడ ఆపానో చెప్పు, అక్కణ్ణుంచి చెబుతాను."

చెప్పలేకపోయాను. నా షీట్ల మీది బాణాలు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పగలను. అత్త మాటల్లో నా చెవిన పడింది ఒక్క బిందె మాత్రమే.

"మా కోడలు అప్పుడు కడుపుతో ఉంది," అంది అత్త. "కాళ్లు వాచినయ్, బీపీ పెరిగింది. డాక్టరమ్మ ఉప్పు మానమంది. కూరల్లో మానింది. నీళ్లల్లో ఉన్నదాన్ని ఎట్టా మానుద్ది? ఇంకో మూడిళ్లల్లోనూ అదే గొడవ. నేను మొదలెడితే వాళ్లు కూడా వరసగా లేవాలని నలుగురం మాట్లాడుకునే వచ్చాం."

నేను పప్పు గిన్నె మీద మూత పెట్టాను.

"కోడలు పుట్టింటికి పోయింది. తల్లీ పిల్లా క్షేమం. నీ కార్బన్ వల్ల మాత్రం కాదులే."

"మళ్లీ చెబుతావా?"

"నీకెందుకే? అందరి ముందూ ఆపావు, అందరి ముందే అడుగు."

ఆ ఆదివారం షీట్లు లేకుండా వెళ్లాను. సాక్ష్యాల సమయంలో లేచి, "పోయినేడు ఇక్కడ మా అత్తను మధ్యలో ఆపాను. అసలు విషయం ఆమె దగ్గరే ఉంది. నేను విననివ్వలేదు. తప్పు నాది. చెప్పమని అందరి ముందూ అడుగుతున్నాను," అన్నాను.

వెనక నుంచి ఎవరో అడిగారు. "బస్సు టైమవలేదా అమ్మాయ్?"

అందరూ నవ్వారు. నేను చాప మీద కూర్చున్నాను. అత్త మళ్లీ బిందె దగ్గరే మొదలుపెట్టింది. ఆమె తర్వాత ఇంకొకామె లేచింది, ఆమె తర్వాత మరొకామె. బయట ఒంటిగంట బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.

సోమవారం ట్రాలీ ఆటోలు సరిపోక ట్రాక్టరు కూడా పెట్టారు. ఇంజనీరు గారికి రుచి చూపించడానికి ఇంటికో బిందె చెరువు నీళ్లు తెచ్చారు. ఆ ఆఫీసు దారి తెలిసినదాన్నని నేను ముందు ఆటోలో డ్రైవరు పక్కన ఎక్కబోయాను.

"అక్కడెందుకు? ఇట్రా, వెనక్కి. ఈ బిందె పట్టుకుని కూర్చో," అంది అత్త.

పట్టుకుని కూర్చున్నాను. ఈసారి తలుపులు మారుస్తారేమో. చెరువు నీళ్లు మళ్లీ తియ్యగా మారడానికి ఎన్ని వానాకాలాలు పడతాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఒక వానాకాలం ఇప్పటికే నా వల్ల పోయింది. గతుకులకు నీళ్లు తొణికి నా ఒళ్లో పడుతున్నాయి. ఆఫీసు చేరేసరికి, తడి ఆరినచోట చీర మీద తెల్లటి చార కట్టింది.