సెలవునాటి బిస్కెట్లు

ఆ వీధిలో అందరూ ఆయన్ని బేకరీ మేస్త్రి అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఒకే బేకరీలో, ఒకే పొయ్యి ముందు నిలబడిన మనిషి. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నానికి ఒళ్లు హూనం చేసుకుని వస్తాడు. ఎంత రుద్ది స్నానం చేసినా వెన్న వాసన వదలదు. ఆ వాసనంటే ఆయనకు ఎప్పుడో మొహం మొత్తింది. బిస్కెట్ నోట్లో పెట్టుకుని ఎన్నేళ్లయిందో అడిగితే చెప్పలేడు.

అలాంటి మనిషిని సెలవు రోజున ఆరేళ్ల కూతురు తట్టి లేపింది.

"నాన్నా, మీ నాన్న ఏం చేస్తారని టీచర్ అడిగారు. బిస్కెట్లు అని చెప్పా. ఎలా చేస్తారంటే నాకు తెలీలేదు."

"రేపు చూపిస్తాలే తల్లీ."

"పోయిన సెలవుకి కూడా రేపనే అన్నావు."

"అవును, అన్నావు!" అని నాలుగేళ్ల బుడ్డోడు వంత పాడాడు.

భార్య ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు ఆమెకు సెలవు లేదు. తప్పించుకునే దారి లేక మేస్త్రి లేచాడు. మరదలు ఎప్పుడో ఇచ్చిన చిన్న ఓవెన్‌ను అటక మీద నుంచి దించి దుమ్ము తుడిచాడు.

మైదా జల్లించాడు. వెన్న, చక్కెర కలిపాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. పిల్లలు బల్ల దగ్గరికి కుర్చీలు లాక్కునేలోగా ముద్ద తయారైపోయింది.

"అయిపోయిందా? మేమేం చెయ్యలేదుగా!" అంటూ కూతురు గుప్పెడు మైదా తీసి ముద్ద మీద పోసింది. అక్క పోసిందని బుడ్డోడు గ్లాసెడు పాలు కుమ్మరించాడు.

"చెప్తే వినరా? అంతా పాడు చేశారు!" అని అరిచాడు మేస్త్రి.

బుడ్డోడి పెదవి వణికింది. కూతురు మాత్రం తండ్రి మొహంలోకి చూసి మెల్లగా అడిగింది. "బేకరీలో నిన్నూ ఇలాగే అరుస్తారా నాన్నా?"

ముందు రోజే ఆయన పొయ్యి ముందు నిలబడే కునుకు తీసి ఒక ట్రే మాడబెట్టాడు. యజమాని పది మంది ముందు కడిగేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"అరుస్తారమ్మా, అప్పుడప్పుడు" అన్నాడు. గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు. "మీరే కలపండి. నేను ఇక్కణ్ణుంచి చెప్తా. ఓవెన్ జోలికి మాత్రం వెళ్లకండి."

"చేతికి అంటుకుంటోంది!"

"కాస్త పిండి చల్లు."

"ఇప్పుడు చాలా?"

"చెవి తమ్మె పట్టుకుని చూడు. అంత మెత్తగా ఉండాలి."

ఆ పిల్ల పిండి చేతులతో తమ్ముడి చెవి పట్టుకుంది. వాడు కిచకిచ నవ్వాడు. ఆ నవ్వు వింటూనే మేస్త్రి కళ్లు మూతపడ్డాయి.

ఎవరో చెవి లాగుతుంటే మెలకువ వచ్చింది. బుడ్డోడు. "నాన్న చెవి గట్టిగా ఉందక్కా" అంటున్నాడు. ట్రేలో బిస్కెట్లు వరుస తప్పి పడున్నాయి. ఒకటి పాములా ఉంది, ఒకటి బస్సట. బేకరీలో అయితే అవన్నీ చెత్తబుట్టలోకే. ఏమీ సరిచేయకుండా ఓవెన్‌లో పెట్టాడు.

చల్లారాక కూతురు బస్సును ఆయన నోటికి అందించింది. కొరికాడు. పళ్లు కదిలినంత పనయింది.

"ఎలా ఉంది?"

బాగుందని అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "రాయిలా ఉంది. పిండి ఎక్కువైంది. ఈసారి కలిపేటప్పుడు దగ్గరుండి చూపిస్తా." అని మిగతా సగం కూడా నమిలాడు.

సాయంత్రం భార్య వచ్చింది. చెప్పులు విడిచి, వాచిన పాదాలు చాపి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఏవండీ, ఇవి మీరు చేసినవేనా?"

"నాన్నకు నిద్రొచ్చింది. మేమే చేశాం" అంది కూతురు గొప్పగా.

వంటింటి నిండా పిండి. తొట్టి నిండా గిన్నెలు. మొగుడూ పెళ్లాం వాటి వంక చూశారు, ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఆయన లేవబోతే ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"కాసేపు కూర్చోండి. ఎక్కడికీ పారిపోవులే అవి."

ఆయన కూర్చున్నాడు.