కొత్త హాలు తెరవని ఏడాది

ఫోన్లలో వాడే చిప్‌లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ తెల్లక్క అనేవారు. చిప్‌ల మీద దుమ్ము పడకుండా తల నుంచి కాళ్ల దాకా తెల్లసూటు తొడుక్కుని, కళ్లు మాత్రమే కనిపిస్తూ తిరిగే మనిషి. దుమ్మంటే ఎంత చాదస్తమంటే, తెల్లక్క దగ్గర తుమ్మాలన్నా సెలవు పెట్టుకోవాలని తోటివాళ్లు ఏడిపించేవారు.

కొత్త హాలు కట్టి, యంత్రాలు బిగించే పని ఆవిడకే అప్పగించారు. ఆ సంబరంలో, తనతోనే ఉంటున్న చెల్లెల్ని కూడా లాక్కొచ్చింది. చెల్లెలు ఒక కొట్టులో బట్టలు కుట్టేది.

"ఆ మిషన్ ముందు ఎన్నాళ్లని నడుం విరగ్గొట్టుకుంటావే? నేనున్నాగా, రా."

చెల్లెలు వెనకాముందూ చూడకుండా కొట్టు మానేసి శిక్షణలో చేరింది.

యంత్రాలు సిద్ధమయ్యాయి. ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది. అప్పుడు మేనేజరు ఆగమన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదండీ?"

"అదేనమ్మా చిక్కు. సిద్ధమని రాసిన రోజు నుంచీ తరుగుదల మొదలవుతుంది. అంత పోసి కొన్న యంత్రాలు ఏటా ఇంత అరిగాయని లాభంలోంచి కోసెయ్యాలి. ఆర్డర్లా, అంతంతమాత్రం. ఆ భారమంతా నాలుగు చిప్‌ల నెత్తిన పడితే కంపెనీ నష్టాల్లో కనబడుతుంది. గిరాకీ వచ్చాక తెరుద్దాం."

ఇంట్లో చెల్లెలు రోజూ అడిగేది, "ఎప్పుడక్కా?" అని. ఇదిగో అదిగో అంటూ నెట్టుకొచ్చింది తెల్లక్క. రమ్మన్న నోటితోనే వెనక్కి పొమ్మనడానికి మనసొప్పలేదు.

చివరికి శిక్షణలో ఉన్నవాళ్లందర్నీ పంపేశారు. అప్పటికే కొట్టులో చెల్లెలి చోట ఇంకెవరో కూర్చున్నారు.

"హాలు తెరవడం ఆపేశారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు," అంది తెల్లక్క.

"ఒక్క మాట చెప్పలేకపోయావా అక్కా? అప్పుడే వెళ్లుంటే నా పని నాకుండేది!"

ఆ వారమే చెల్లెలు వేరే గది చూసుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు గిరాకీ వచ్చింది. అప్పుడు పరీక్ష మొదలుపెడితే, ఒక్కో లోపం సరిదిద్దుకుంటూ మంచి చిప్ బయటికొచ్చేసరికి నెలలు పట్టింది. ఈలోగా కొనేవాళ్లు సగంమంది వేరే కంపెనీలు చూసుకున్నారు. తరుగుదల మాత్రం పూర్తిగా మీద పడి లాభం కాస్తా కుదేలైంది. దాంతో రెండో షిఫ్టు పెట్టలేదు, శిక్షణలోంచి పంపేసినవాళ్లను పిలవనూలేదు.

చెల్లెలు ఓ గోదాములో పెట్టెలు సర్దుతోందని తెలిసి, సెలవు రోజున తెల్లక్క ఆమె గదికి వెళ్లింది. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"కాళ్లు లాగేస్తున్నాయక్కా. కాసేపు పడుకోవాలి."

తలుపు దగ్గరికేసింది. తెల్లక్క మెట్ల మీద కాసేపు కూర్చుని, బస్సు కోసం నడిచింది.